మచ్చలేని పండుకు మచ్చలేని వ్యాపారం

వేసవిలో దేశంలోని ఏ పండ్ల బజారుకు వెళ్లినా వినిపించే పేర్లలో బనగానపల్లె ఒకటి. ఈ ఊరు ఏ జిల్లాలో ఉందో తెలియనివారికి కూడా ఈ ఊరి మామిడి తెలుసు. కొందరు బంగినపల్లి అంటారు. ఉత్తరాదివారు సఫేదా అంటారు. ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో దాని పేరు బేనిషాన్. 'బే' అంటే లేని, 'నిషాన్' అంటే గుర్తు లేదా మచ్చ. నునుపైన పసుపుపచ్చ తొక్క మీద మచ్చ కనిపించదు కనుక ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు.

పేరు మంచిదే. ఆ పేరుకు తగినట్లుగా పండు నేడు మన ఇంటికి చేరుతున్నదా అన్నది ప్రశ్న. తొక్క మీద మచ్చ లేకున్నా విషపు మందుతో రంగు తెప్పించిన పండును బేనిషాన్ అనవచ్చునా? చెట్టును నాలుగేళ్లు పిండుకొని వదిలేసే బేరాన్ని, భూగర్భ జలాన్ని అడుగంటించే సేద్యాన్ని మచ్చలేనివని చెప్పగలమా?

భూమి, నీరు, చెట్టు, తినేవారి ఆరోగ్యం ఇవేవీ చెడకుండా సంపాదించే మార్గం ఉంది. ఆ మార్గంలో చాలా భాగాన్ని శాస్త్రజ్ఞులు ఇప్పటికే చూపించారు. దాని మీద నడవవలసినవాడు వ్యాపారి. నడిచేటట్లు చూడవలసినవాళ్లం కొనే మనం. మనందరినీ ఒకచోట కలిపేది ఇస్లాం నేర్పిన అమానత్, అంటే మన చేతికి అప్పగించిన దాన్ని చెడగొట్టకుండా చూసే బాధ్యత. ఇది లేనిచోట శాస్త్రం కూడా మోసానికి పనిముట్టు అవుతుంది. మామిడిపండు కథే దీనికి సాక్ష్యం.

నవాబుల నాటి పాఠం

బనగానపల్లె ఒకప్పుడు చిన్న సంస్థానం. 1948లో మద్రాసు ప్రావిన్సులో విలీనమయ్యేవరకు ఇక్కడ నవాబుల పాలన సాగింది. ఆ తరువాత కర్నూలు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఈ మామిడి నవాబుల ఆదరణలో పేరు తెచ్చుకున్నదని ప్రతీతి.

మామిడి గింజను నాటితే తల్లి చెట్టు పండే మళ్లీ వస్తుందన్న హామీ లేదు. బేనిషాన్ కావాలంటే బేనిషాన్ కొమ్మతో అంటు కట్టాలి. నేడు ఎక్కడ బేనిషాన్ చెట్టు ఉన్నా అది పాత చెట్టు కొమ్మకు కొమ్మగా వచ్చినదే. అంటు కట్టడం తోటమాలి విద్య. ఆ విద్యకు భూమి, నీరు, ఓపిక సమకూర్చింది తోట యజమాని సంపద. విద్య, సంపద కలిసి, పదేళ్ల తరువాతి ఫలితం కోసం ఎదురుచూడగలిగితేనే ఒక పండు తరతరాలకు నిలుస్తుంది. నేడు శాస్త్రం, వ్యాపారం కలిసి పనిచేయడమని మనం చెప్పుకుంటున్నది కూడా ఇదే.

2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆంధ్రప్రదేశ్ ఉద్యానశాఖ ఈ గుర్తింపును కోరింది. బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలను ఈ పండుకు మూల స్థానంగా చూపించారు. ఈ చట్టం వల్ల పేరుకు రక్షణ దొరికింది. అయితే చట్టం పేరును మాత్రమే కాపాడగలదు. ఆ పేరు మీద జనానికి ఉన్న నమ్మకాన్ని కాపాడవలసింది పండించేవారు, అమ్మేవారు.

వరిగడ్డి చేసిన పని

మన పెద్దలు పచ్చికాయలను గదిలో వరిగడ్డి పరిచి, దాని మీద పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పి మాగబెట్టేవారు. కొన్ని రోజులకు గది నిండా వాసన వచ్చేది. ఒక కాయ ముందు మాగితే చుట్టూ ఉన్నవి కూడా త్వరగా మాగుతాయని వారికి అనుభవం మీద తెలుసు.

ఆ అనుభవం వెనుక ఉన్న కారణాన్ని శాస్త్రం ఆలస్యంగా కనుక్కున్నది. 1901లో నెల్యుబోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు దీపాల గ్యాసులో ఉండే ఎథిలీన్ అనే వాయువు మొక్కల పెరుగుదలను మారుస్తున్నదని గమనించాడు. 1934లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ గేన్, పండ్లే స్వయంగా ఈ వాయువును తయారు చేసుకుంటాయని రుజువు చేశాడు. కాయ ముదిరిన తరువాత దానిలో ఎథిలీన్ పుడుతుంది. పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది, తొక్క రంగు మారుతుంది, గుజ్జు మెత్తబడుతుంది. వరిగడ్డి చేసిన పని వేడిని, ఈ వాయువును పండ్ల చుట్టూ నిలిపి ఉంచడమే. పండు మాగడానికి అవసరమైన దానిని సృష్టికర్త పండు లోపలే పెట్టాడు. బుద్ధి గలవారికి ఇందులో సూచన ఉంది.

ఈ జ్ఞానాన్ని వ్యాపారం రెండు విధాలుగా వాడుకున్నది. ఒకటి అడ్డదారి, రెండవది సరైన దారి.

అడ్డదారి పేరు కార్బైడ్. గ్యాసు వెల్డింగు షెడ్లలో వాడే కాల్షియం కార్బైడ్ గడ్డలను పొట్లాలుగా కట్టి కాయల మధ్య పెడతారు. గాలిలోని తేమ తగలగానే దాని నుంచి ఎసిటిలీన్ వాయువు వస్తుంది. ఇది ఎథిలీన్‌కు నకలు వంటిది. తొక్క త్వరగా పచ్చబడుతుంది. లోపల మాత్రం పులుపు, గట్టిదనం అలాగే ఉంటాయి. ఇక్కడితో ఆగితే రుచి మాత్రమే పోయిందని అనుకోవచ్చు. కాని పరిశ్రమల కోసం తయారయ్యే కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉంటాయి. వాటి నుంచి విషవాయువులు కూడా వెలువడతాయి. మొదట హాని తగిలేది పొట్లాలు కట్టే కూలీలకు, ఆ పండ్ల మధ్య పడుకునే హమాలీలకు. తరువాత ఆ పండు తినే పసిపిల్లలకు.

మన దేశంలో కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం నేరం. పాత కల్తీ నిరోధక నియమాల్లోనూ ఈ నిషేధం ఉంది, 2011లో వచ్చిన ఆహార భద్రతా నిబంధనల్లోనూ ఉంది. 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు చేపట్టి ప్రభుత్వాలను గట్టిగా నిలదీసింది. అయినా ప్రతి వేసవిలో ఎక్కడో ఒకచోట అధికారులు సరుకు పట్టుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాం.

సరైన దారి మాగబెట్టే గది. ఇందులో పండు తయారు చేసుకునే ఎథిలీన్‌నే కొలత ప్రకారం వదులుతారు. పది లక్షల పాళ్ల గాలికి 100 పాళ్లు మించకుండా ఎథిలీన్ వాడవచ్చునని 2016లో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతించింది. గదిలో వేడి సుమారు 20 డిగ్రీలు ఉండాలి. తేమ బాగా ఉండాలి. ఒక రోజు వాయువు పట్టించి, తలుపులు తెరిచి గాలి మార్చాలి. తరువాత కొద్ది రోజుల్లో పండ్లన్నీ ఒకే తీరుగా మాగుతాయి. ఏ రసాయనమూ పండుకు నేరుగా తగలకూడదు. కాయలను ఎథెఫాన్ మందు నీళ్లలో ముంచి తీయడం కూడా ఈ నియమానికి విరుద్ధమే.

ఇంత తేలికైన దారి ఉండగా కార్బైడ్ ఎందుకు పోవడం లేదు? గది కట్టడానికి పెట్టుబడి కావాలి, కరెంటు కావాలి. కార్బైడ్ పొట్లానికి ఏమీ అక్కరలేదు. పెద్ద మండీదారు గది కట్టుకోగలడు. నాలుగు బుట్టలు కొని అమ్ముకునే చిన్న వ్యాపారి కట్టుకోలేడు. కనుక నలుగురు చిన్న వ్యాపారులు కలిసి వాడుకునే గదులు ఊరూరా రావాలి. మార్కెట్ కమిటీ, రైతు సంఘం, సహకార సంఘం ఎవరు ముందుకు వచ్చినా మంచిదే. బుట్టకు ఇంతని అద్దె తీసుకుంటే గది ఖర్చు గది సంపాదించుకుంటుంది. శాస్త్రం పెద్దవారి గోదాములో ఆగిపోకుండా బండి వ్యాపారి దాకా రావాలంటే ఇటువంటి ఏర్పాటే దారి.

మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. ఎథిలీన్ ముదరని కాయను తీపి పండుగా మార్చలేదు. సీజను మొదట్లో మంచి ధర వస్తుందని లేత కాయలనే కోసేస్తే ఏ గది కూడా దాన్ని బాగుచేయలేదు. ముదిరిన కాయకు తొడిమ దగ్గర భుజాలు నిండి పైకి లేస్తాయి. కోసి చూస్తే టెంక చుట్టూ గుజ్జు తెల్లదనం పోయి లేత పసుపుకు తిరుగుతుంది. నీళ్ల తొట్టిలో వేస్తే ముదిరిన కాయ మునుగుతుంది, లేత కాయ తేలుతుంది. వీటికి యంత్రాలు అక్కరలేదు. కావలసింది పది రోజుల ఓపిక.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిని చూశారు. చేయి లోపలికి పెట్టగా వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వర్షానికి తడిసిందని యజమాని చెప్పాడు. తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన మందలించారు. మోసం చేసేవానికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) చెప్పిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ఆ రాశిలో పైన పొడి, లోపల తడి. కార్బైడ్ పండులో పైన పసుపు, లోపల పచ్చి. రెండింటికీ తేడా ఏముంది? ఆ ధాన్యంలో విషమైనా లేదు.

పూత మీద బేరం

ఇక తోట దగ్గరికి వద్దాం. మన ప్రాంతంలో చాలా తోటలు గుత్తకు పోతాయి. పూత రాకముందో, పూత మీదో, పిందె మీదో వ్యాపారి వచ్చి తోటంతా కలిపి ఒక ధర చెబుతాడు. కొన్నిచోట్ల రెండు మూడేళ్ల కాపుకు ఒకేసారి బేరం కుదురుతుంది. రైతుకు అవసరానికి డబ్బు అందుతుంది. కాని ఆ రోజు నుంచి చెట్టు మీద పెత్తనం కొద్దికాలం ఉండి వెళ్లిపోయేవాడిది అవుతుంది.

మామిడికి ఒక ఏడు ఎక్కువ కాపు, మరుసటి ఏడు తక్కువ కాపు సహజం. దీన్ని సరిదిద్దడానికి శాస్త్రజ్ఞులు పాక్లోబ్యూట్రజోల్ అనే మందును సూచించారు. చెట్టు మొదట్లో మట్టికి పడితే అది కొత్త చిగురును అదుపు చేసి పూతను రప్పిస్తుంది. చెట్టు వయసు, కొమ్మల విస్తీర్ణం చూసి తగిన మోతాదులో వాడితే మేలే. కాని ఈ మందు మట్టిలో చాలాకాలం నిలిచి ఉంటుంది. మోతాదు మించి ఏటేటా పోస్తే చిగుళ్లు కురచబడతాయి, పూత గుత్తులు ముడుచుకుపోతాయి, చెట్టు నీరసిస్తుంది. మూడేళ్ల గుత్తదారుకు నాలుగో ఏడు చెట్టు ఏమైతేనేం? ఇక్కడ తప్పు మందుది కాదు. శాస్త్రం చెప్పిన మోతాదును పాటించే అవసరం లేకుండా చేసిన బేరానిది.

పద్నాలుగు శతాబ్దాల క్రితం మదీనా ఖర్జూర తోటల్లోనూ ఇటువంటి బేరాలు ఉండేవి. పండు పక్వానికి వచ్చే సూచనలు కనిపించేవరకు అమ్మవద్దని దైవప్రవక్త (స) వారించారు. అల్లాహ్ ఆ పంటను రానీయకపోతే సోదరుని సొమ్మును దేనికి బదులుగా తీసుకుంటారని ఆయన ప్రశ్నించారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. కొన్నేళ్ల కాపును ముందే అమ్మడాన్ని కూడా ఆయన నిషేధించారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. ఏ బేరం ఏ షరతుతో చెల్లుతుంది అన్న వివరాల్లో ఫికహ్ పండితుల చర్చ విస్తారంగా ఉంది. తోటలున్నవారు తమ దగ్గరి ఉలమాను అడిగి తెలుసుకోవాలి. ఈ ఆజ్ఞలు మనిషికి జరిగే అన్యాయాన్ని ఆపడానికి వచ్చినవి. వీటిని పాటిస్తే చెట్టుకు జరిగే అన్యాయం కూడా ఆగుతుందని నేటి తోటలను చూస్తే అర్థమవుతుంది.

మరి రైతుకు, వ్యాపారికి మధ్య ఏ ఒప్పందం ఉండాలి? షరీఅత్‌లో ముసాఖాత్ అనే పద్ధతి ఉంది. తోట ఒకరిది, నీరు పెట్టి సాకే శ్రమ మరొకరిది, పండిన దానిలో ఇద్దరికీ ముందే అనుకున్న వాటా. ఖైబర్ తోటలను దైవప్రవక్త (స) అక్కడి నివాసులకు సగం పంట వాటాపై అప్పగించిన చరిత్ర ప్రసిద్ధమైనది. వాటాదారుకు చెట్టు బాగుంటేనే లాభం. చెట్టు చెడితే ఇద్దరికీ నష్టం. రైతు సంఘాలు వ్యాపారులతో ఇటువంటి వాటా ఒప్పందాలు చేసుకొని, ఏ మందు ఎంత వాడాలో ఉద్యానశాఖ అధికారి సలహాతో కాగితం మీద రాసుకుంటే చెట్టు నిలుస్తుంది, ధర పడిన ఏడు భారం కూడా ఒక్కరి మీదే పడదు.

శాస్త్రం, వ్యాపారం సవ్యంగా కలిసిన ఉదాహరణ కూడా ఉంది. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, మామిడి చెట్టుకు కావలసిన సూక్ష్మపోషకాలను తగిన పాళ్లలో కలిపి 'మ్యాంగో స్పెషల్' అనే మిశ్రమాన్ని తయారు చేసింది. దాన్ని తయారు చేసి అమ్మే హక్కును లైసెన్సు ద్వారా సంస్థలకు ఇచ్చింది. పరిశోధన ప్రభుత్వానిది, తయారీ వ్యాపారులది, ఫలితం రైతుది.

నీటి లెక్క

రాయలసీమలో ఏ పంట గురించి మాట్లాడినా చివరకు నీటి దగ్గరికే రావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. దాన్నే వాల్టా చట్టం అంటున్నాం. 2003 నవంబరులో సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. పైపులు తయారు చేసింది కంపెనీలు, రాయితీ ఇచ్చింది ప్రభుత్వం, చెట్టుకు ఎంత నీరు కావాలో లెక్క చెప్పింది వ్యవసాయ శాస్త్రం. పాదు నిండా నీరు పారించే చోట బొట్టు బొట్టుగా వేరు దగ్గరికే నీరు చేరింది. చిన్న మొక్కలకు ఎండాకాలంలో ప్రాణం నిలిచింది.

అయితే ఆదా అయిన నీటిని ఏం చేశామన్నదే అసలు లెక్క. రెండెకరాలకు సరిపోయే నీరు డ్రిప్పుతో నాలుగెకరాలకు వచ్చిందని మరో నాలుగెకరాలు నాటి, అది చాలక బోరు ఇంకా లోతుకు దించితే భూమి లోపల మిగిలేది ఏమిటి? పొదుపు చేసే పరికరం మన చేతిలో ఉన్నంతమాత్రాన పొదుపు అలవడదు. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీరు వృథా చేయరాదని దైవప్రవక్త (స) బోధించారు. నది పక్కనే అంత జాగ్రత్త అయితే ఎండిన బోర్ల నడుమ బతుకుతున్న మనకు ఎంత జాగ్రత్త ఉండాలి?

ఉష్ర్ నియమంలో కూడా నీటి లెక్క ఉంది. వాననీటితో పండిన పంటలో పదో వంతు, ఖర్చు పెట్టి నీరు తోడి పండించిన పంటలో ఇరవయ్యో వంతు ఇవ్వాలి. నీటి కోసం మనిషి పెట్టే శ్రమను, ఖర్చును ధర్మశాస్త్రం గుర్తించింది. మన తోటల రైతుల్లో ఎంతమంది మామిడి మీద ఉష్ర్ లెక్క వేస్తున్నారు? కోత రోజున పేదల హక్కును ఇవ్వాలనీ, దుబారా చేయవద్దనీ ఒకే ఆయతులో బోధించిన దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరాను ఈ సందర్భంలో మరొకసారి చదువుకోవాలి.

కొత్త పద్ధతుల్లో దగ్గర దగ్గరగా నాటడం ఒకటి. పాత తోటలో చెట్టుకు చెట్టుకు పది మీటర్ల దూరం ఉంటే ఎకరాకు 40 చెట్లు పడతాయి. మూడు మీటర్లకు రెండు మీటర్ల దూరంలో నాటితే 670 పైగా పడతాయి. ఏటా కొమ్మలు కత్తిరించి, డ్రిప్పుతోనే నీరు, ఎరువు ఇస్తారు. 2011లో కోకాకోలా, జైన్ ఇరిగేషన్ సంస్థలు కలిసి 'ఉన్నతి' పేరుతో చిత్తూరు జిల్లాలో ఈ పద్ధతిని రైతులకు నేర్పడం మొదలుపెట్టాయి. పానీయాల కంపెనీకి గుజ్జు కావాలి, పైపుల కంపెనీకి గిరాకీ కావాలి, రైతుకు త్వరగా కాపు కావాలి. ముగ్గురి అవసరమూ కలిసింది.

ఇది మెచ్చుకోదగినదే. కాని పంట పెరగడం ఒక్కటే చాలదని చిత్తూరు రైతులకు 2025లో అనుభవమైంది. ఆ వేసవిలో గుజ్జుకు వాడే తోతాపురి దిగుబడి ఎక్కువైంది. కంపెనీల దగ్గర పాత గుజ్జు నిల్వలు మిగిలి ఉన్నాయి. ధర పడిపోయింది. కంపెనీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చి రైతుకు 12 రూపాయలు అందేలా చూడాలని ప్రభుత్వం నిర్ణయించవలసి వచ్చింది. కాయలు పెంచే విద్య నేర్పినప్పుడే కొనే మాట కూడా ఇవ్వాలి. శాస్త్రం దిగుబడిని పెంచి వ్యాపారం చేయి వదిలేస్తే రైతు తోట నరికివేస్తాడు. అటువంటి అభివృద్ధి ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఒక ఈగ నేర్పిన గుణపాఠం

2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య భారతదేశపు మామిడి పండ్ల దిగుమతిని నిలిపివేసింది. కారణం పండు ఈగ. ఈ ఈగ పండు తొక్క కింద గుడ్లు పెడుతుంది. పైకి పండు బాగానే కనిపిస్తుంది, లోపల పురుగు పెరుగుతుంది. కొందరు పంపిన సరుకులో పురుగులు బయటపడినందుకు దేశంలోని రైతులందరూ ఆ ఏడు నష్టపోయారు. ఎగుమతికి ముందు తనిఖీ, శుద్ధి పద్ధతులను కట్టుదిట్టం చేశాక 2015 జనవరిలో నిషేధం తొలగింది.

పండు ఈగకు శాస్త్రం చూపిన మార్గాలు ఖరీదైనవి కావు. రాలిన, కుళ్లిన కాయలను ఏరి గోతిలో పూడ్చాలి. మిథైల్ యూజినాల్ ఎర పెట్టిన బుట్టలను కొమ్మలకు వేలాడదీస్తే మగ ఈగలు వచ్చి చిక్కుతాయి. కాయలకు కాగితపు సంచులు తొడిగితే ఈగ వాలదు, తొక్క మీద మచ్చలూ పడవు, మందు పిచికారీ తగ్గుతుంది. కాని ఒక తోటలో ఎరలు పెట్టి పక్క తోటలో కుళ్లిన కాయలు వదిలేస్తే ఫలితం లేదు. ఈగకు గట్టు తెలియదు. ఊరంతా కలిసి చేయవలసిన పని ఇది.

2021లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడి దక్షిణ కొరియాకు వెళ్లింది. పండును వేడి ఆవిరిలో ఉంచి, రుచి చెడకుండా లోపలి గుడ్లు, పురుగులు చనిపోయేటట్లు చేసే శుద్ధి తిరుపతిలోని కేంద్రంలో జరిగింది. సంతోషించదగిన వార్తే. అయితే ఆ పండ్లు వచ్చింది కృష్ణా, చిత్తూరు జిల్లాల తోటల నుంచి. పేరు బనగానపల్లెది, పండు వేరే జిల్లాలది. ఇందులో అసూయపడవలసింది లేదు. వారు శ్రద్ధ చూపారు, ఫలితం పొందారు. మూల స్థానమని రాసుకున్న మనం ఎక్కడున్నామని ఆలోచించుకోవాలి. మన పిల్లల్లో ఎంతమంది ఉద్యాన విద్య చదువుతున్నారు? మహానందిలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులను ఒక్కసారైనా తోటకు పిలిచి సలహా అడిగినవారు ఎందరు?

మన చేతిలో ఉన్నది

పండ్ల బండ్ల మీద, బుట్టల్లో అమ్ముకొని బతికేవారిలో మన సోదరులు చాలామంది ఉన్నారు. మండీలో మాగిన సరుకునే వారు కొంటారు. లోపల ఏం జరిగిందో వారికీ తెలియకపోవచ్చు. తెలియదని ఊరుకోవడం మాత్రం తగదు. సరుకు ఎలా మాగిందని మండీదారును పదిమంది కలిసి అడగాలి. ఎథిలీన్ గదిలో మాగిన పండైతే ఆ మాట బండి మీద అట్టముక్కపై రాసి పెట్టుకోవచ్చు. కిలోకు రెండు రూపాయలు ఎక్కువైనా నమ్మకం ఉన్న బండి దగ్గరికే జనం వస్తారు. నిజాయితీగల వర్తకుడు ప్రళయదినాన ప్రవక్తల, సత్యసంధుల సరసన ఉంటాడని హదీసు శుభవార్త ఇస్తున్నది. ఈ గౌరవం షావుకారుకు మాత్రమే కాదు, బండి తోసే సోదరునికీ అందుబాటులో ఉంది.

ఇళ్లలో పండు కొనే అమ్మలు, అక్కచెల్లెళ్లు ఈ కొద్ది విషయాలు గమనించాలి:

1. సీజను రాకముందే బజారులోకి వచ్చిన పచ్చని పండును చూసి తొందరపడవద్దు. బేనిషాన్ అసలు కాలం ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా.

2. రంగును బట్టి కొనవద్దు. తొడిమ దగ్గర వాసన చూడాలి. వాసన లేకుండా రంగు మాత్రమే ఉంటే అనుమానించాలి.

3. వీలైతే ముదిరిన కాయలు కొని ఇంట్లోనే వరిగడ్డిలోనో, కాగితాల మధ్యనో మాగబెట్టుకోవాలి. నాలుగు రోజుల ఓపిక చాలు.

4. పండ్లను బాగా కడిగి, తొక్క తీసి పిల్లలకు పెట్టాలి. ఇఫ్తారు పళ్లెంలో పెట్టే పండుకూ ఇదే జాగ్రత్త.

5. తెల్లని పొడి, పొట్లాలు పండ్ల మధ్య కనిపిస్తే గొడవ పడక ఆహార భద్రతా అధికారికి తెలియజేయాలి.

మస్జిదు కమిటీలు కూడా వేసవి మొదట్లో ఒక జుమా రోజున ఈ విషయం మీద ప్రసంగం ఏర్పాటు చేస్తే బాగుంటుంది. నమాజు తరువాత ఉద్యానశాఖ అధికారిని పిలిపించి, తోటల రైతులను, మండీదారులను, బండి వ్యాపారులను ఒకచోట కూర్చోబెడితే ఇంకా మంచిది. కొలతల్లో తగ్గించేవారికి ముతఫ్ఫిఫీన్ సూరా చేసిన హెచ్చరిక మనకు తెలుసు. బరువులో తగ్గించడం మాత్రమే తగ్గించడం కాదు. రుచిలో, ఆరోగ్యంలో, చెట్టు ఆయుష్షులో, రాబోయే తరాల నీటిలో తగ్గించినా అది తగ్గింపే.

ఒక విశ్వాసి చెట్టు నాటితే దాని నుంచి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అతనికి దానం చేసిన పుణ్యం లభిస్తుందని దైవప్రవక్త (స) తెలిపారు. నాటినవారి పుణ్యం వారికి చేరుతూనే ఉంటుంది. ఆ చెట్టు పండును కార్బైడ్‌తో పాడుచేసి అమ్మేవాడు తన సంపాదనతో పాటు, తన పిల్లలు తినే ముద్దను కూడా పాడుచేసుకుంటున్నాడు.

తోట ఉన్నవారికి చెట్టును అమానత్‌గా చూసుకునే మనసును, వ్యాపారులకు హలాల్ సంపాదన మీద తృప్తిని, చదువుకున్నవారికి తమ జ్ఞానాన్ని పేదవాడి బండి దాకా చేర్చే పట్టుదలను అల్లాహ్ ప్రసాదించుగాక! మన ఊరి పండు పేరుకు తగినట్లు బేనిషాన్‌గానే ఉండుగాక! ఆమీన్.